అంకె మార్చేముందు: చెక్క పనికి సీఎన్‌సీ రౌటర్‌ను సరిచేసే వరుస

కంప్యూటర్ ఆదేశాలతో బిట్‌ను (తిరుగుతూ కోసే పనిముట్టును) నడిపి చెక్క కోసే యంత్రం సీఎన్‌సీ రౌటర్. కొత్తగా బిగించిన అలాంటి రౌటర్ మీద 100 మిల్లీమీటర్ల చదరపు ముక్క ఒకటి కోసి కాలిపర్‌తో కొలిస్తే 99.6 వచ్చిందనుకుందాం. చాలామంది వెంటనే యంత్రాన్ని నడిపే కంట్రోలర్ సెట్టింగులు తెరిచి, మిల్లీమీటరుకు మోటారు ఎన్ని స్టెప్పులు (చిన్న అడుగులు) వేయాలో చెప్పే అంకెను ఆ నిష్పత్తిలో పెంచేస్తారు. మళ్లీ కోస్తే సరిగ్గా 100 వస్తుంది. పని అయిపోయిందనిపిస్తుంది. కొన్నాళ్లకు అదే యంత్రం మీద 600 మి.మీ. అల్మారా పలక కోస్తే అది 602 తేలుతుంది. మొదట 0.4 తక్కువగా ఉన్న కొలత ఇప్పుడు 2 మి.మీ. ఎక్కువైంది.

మొదటి ముక్కలోని తప్పు అసలు స్టెప్పుల లెక్కది కాదు. ముక్క 100 అయినా 600 అయినా 0.4 మాత్రమే తగ్గించే తప్పు అది. దాన్ని నిష్పత్తితో సరిచేస్తే చిన్న ముక్క దగ్గర కుదిరినట్టే కనిపిస్తుంది, పెద్ద ముక్క దగ్గర బయటపడుతుంది. ఇంటి వర్క్‌షాపులో వాడే చిన్న రౌటర్లలో ట్యూనింగు పేరుతో జరిగే అవస్థ చాలావరకు ఈ కోవదే. ఇనుములోనో, బోల్టులోనో, బిట్‌లోనో ఉన్న లోపాన్ని సాఫ్ట్‌వేర్ అంకెతో కప్పిపెడతారు. ఆ అంకె వల్ల మరోచోట మరో లోపం పుడుతుంది. అందుకే తప్పు నిడివితో పాటు పెరుగుతోందా, నిడివి ఎంతైనా అంతే ఉంటోందా అన్నది ముందు తేల్చుకోవాలి.

తప్పుకు ఒక రూపం ఉంటుంది

ఇది తేల్చడానికి పెద్ద పరికరాలు అక్కరలేదు. సమంగా ఉన్న ఎండీఎఫ్ (చెక్క పీచును జిగురుతో నొక్కి చేసిన) పలక మీద 50 మి.మీ. చదరం ఒకటి, 400 మి.మీ. చదరం ఒకటి బయటి అంచు వెంట కోయాలి. అవే కొలతలతో రెండు గుంతలు తవ్వాలి. చిన్నవాటిని కాలిపర్‌తోనూ, పెద్దవాటిని మంచి ఉక్కు స్కేలుతోనూ కొలవాలి. పెద్ద ముక్కలోని తేడా చిన్న ముక్కలోని తేడాకు ఎనిమిది రెట్లు ఉంటేనే స్టెప్పుల లెక్కను అనుమానించాలి. రెండింటిలోనూ తేడా ఒకటే అయితే గుంతలను చూడాలి. బయటి ముక్క చిన్నదై గుంత పెద్దదైతే, బిట్ తన వ్యాసం కన్నా ఎక్కువ వెడల్పున కోస్తోందని అర్థం. కొలెట్‌లో (బిట్‌ను పట్టి ఉంచే బిగింపులో) బిట్ వంకరగా తిరుగుతుండవచ్చు, స్పిండిల్ (బిట్‌ను తిప్పే మోటారు) మౌంటు ఊగుతుండవచ్చు, సాఫ్ట్‌వేర్‌కు చెప్పిన వ్యాసమే తప్పు కావచ్చు. అందుకు భిన్నంగా ముక్క పెద్దదై గుంత చిన్నదైతే, కోత ఒత్తిడికి బిట్ అంచు నుంచి అవతలికి వంగుతోంది, లేదా పదును పెట్టాక సన్నబడిన బిట్‌కు పాత వ్యాసమే రాసి ఉంది. ముక్క, గుంత రెండూ ఒకే మేరకు చిన్నవైతే అది బ్యాక్‌లాష్. కదలిక దిశ మారిన ప్రతిసారీ నట్టుకూ స్క్రూకూ మధ్య ఉన్న వదులు కొంత దూరాన్ని మింగేస్తోంది.

వలయాలు ఇంకా ఎక్కువ చెబుతాయి. 100 మి.మీ. వలయం ఒకటి కోసి నాలుగు దిక్కుల్లో వ్యాసం కొలిస్తే యంత్రం గుట్టు చాలావరకు బయటపడుతుంది. ఎక్స్ దిశలోనో వై దిశలోనో సాగిన కోడిగుడ్డు ఆకారం వస్తే, రెండు అక్షాల స్టెప్పుల లెక్క ఒకదానితో ఒకటి కలవడం లేదు. సాగుడు 45 డిగ్రీల వాలులో ఉంటే స్టెప్పులతో సంబంధం లేదు, రెండు అక్షాలు ఒకదానికొకటి లంబంగా లేవు. వలయం మొత్తం గుండ్రంగానే ఉండి, అక్షాలు దిశ మార్చుకునే నాలుగు చోట్ల మాత్రమే చదునుగా నొక్కుకుపోయినట్టు ఉంటే, అది బ్యాక్‌లాష్ వేసే ముద్ర. ఈ మూడింటిలో సెట్టింగులతో నయమయ్యేది మొదటిదొక్కటే, అదీ ఎప్పుడూ కాదు. ఒక వైపు బెల్టు వదులై ఉన్నా అదే ఆకారం వస్తుంది.

నాలుగో రకం తప్పు వేరే జాతికి చెందింది. పని సగం దాకా చక్కగా సాగి, ఒక చోట నుంచి మిగిలినదంతా పక్కకు జరిగిపోతుంది. ఇది స్టెప్పులు తప్పిపోవడం. ఈ తరహా రౌటర్లలో ఎక్కువ వాటికి ఉండే స్టెప్పర్ మోటార్లకు తాము నిజంగా ఎక్కడున్నామో చెప్పే ఎన్‌కోడర్ ఉండదు. కళ్లకు గంతలు కట్టుకుని అడుగులు లెక్కపెట్టుకుంటూ నడిచే మనిషిలా కంట్రోలర్ పల్సులు పంపుతూ పోతుంది. మోటారు మధ్యలో ఎక్కడైనా తడబడితే ఆ సంగతి దానికి తెలియదు, మిగతా దారంతా అదే తేడాతో నడుస్తుంది. దీన్ని పట్టుకోవడం తేలిక. పని పూర్తయ్యాక యంత్రాన్ని సున్నా స్థానానికి రప్పించి, బిట్ మొన మొదట పెట్టిన గుర్తు మీదకే వచ్చిందో లేదో చూస్తే చాలు. రాలేదంటే కొలతల గురించి ఆలోచించడం మాని వేగం, త్వరణం, మోటారు కరెంటు, ఎక్కడైనా బిగుసుకుపోయిన రైలు వంటివి వెతకాలి.

బిగింపు వరుస

యాంత్రికమైన సర్దుబాట్లలో ఒకదాని మీద ఒకటి ఆధారపడేవి ఎక్కువ. అందుకే వరుస తప్పితే చేసిన పనే మళ్లీ చేయవలసి వస్తుంది. ముందు చట్రం, తర్వాత గ్యాంట్రీ (స్పిండిల్‌ను మోస్తూ బల్ల మీదుగా కదిలే అడ్డ దూలం), ఆ తర్వాత స్పిండిల్ నిలువు, చివరికి బల్ల చదును. చాలామంది ఉత్సాహంగా మొదలుపెట్టేది ఈ చివరిదానితోనే. స్పాయిల్‌బోర్డును (పని ముక్క కింద పరిచే, కోత పడినా ఫర్వాలేని పలకను) చదును చేయడం చూడటానికి బాగుంటుంది మరి.

చట్రం మెలితిరగకుండా కూర్చుందో లేదో చూడటానికి పాత పద్ధతే సరిపోతుంది. బల్లకు ఎదురెదురు మూలల మీదుగా రెండు సన్నని దారాలు బిగించి లాగాలి. మధ్యలో అవి ఒకదానికొకటి ఆనీ ఆనకుండా ఉండాలి. దారాలను కింద మీద మార్చి మళ్లీ చూడాలి. రెండుసార్లూ ఒకేలా తాకితే బల్ల మెలిక లేకుండా ఉన్నట్టు. ఒకసారి తాకి మరోసారి ఖాళీ కనిపిస్తే ఏదో ఒక కాలు కింద పలుచటి రేకు పెట్టాలి. యంత్రం కింది బల్ల బలహీనమైనదైతే ఇక్కడే ఆగి, ముందు ఆ బల్ల సంగతి చూసుకోవడం మంచిది.

గ్యాంట్రీ లంబాన్ని మూలమట్టం పెట్టి చూడటం కన్నా కర్ణాలతో తేల్చడం నమ్మదగిన పద్ధతి. మొనదేరిన వీ-బిట్‌తో 300 × 400 మి.మీ. దీర్ఘచతురస్రం నాలుగు మూలల్లో నాలుగు చుక్కలు పొడిపించి, కర్ణాలు రెండూ కొలవాలి. లంబం సరిగా ఉంటే రెండూ 500 ఉంటాయి. గ్యాంట్రీ 400 మి.మీ. నిడివికి 1 మి.మీ. చొప్పున ఒరిగి ఉంటే రెండు కర్ణాల మధ్య తేడా దాదాపు 1.2 మి.మీ. వస్తుంది. అంటే కర్ణాల పద్ధతి తప్పును కాస్త పెద్దది చేసి చూపిస్తుంది, చిన్న మూలమట్టం మాత్రం అసలు చూపించకపోవచ్చు. వై అక్షానికి రెండు వైపులా రెండు మోటార్లు ఉన్న యంత్రాల్లో ఇంకో చిక్కుంది. కరెంటు తీసేసినప్పుడు గ్యాంట్రీ ఒక పక్కకు కొద్దిగా వాలుతుంది, తిరిగి కరెంటు రాగానే ఆ వాలులోనే మోటార్లు బిగుసుకుంటాయి. అందువల్ల రెండు పక్కలా కదలని ఆపులు బిగించి, స్విచ్చి వేసేముందు గ్యాంట్రీని రెండింటికీ ఆనేలా నెట్టే అలవాటు పనికొస్తుంది. రెండు వై మోటార్లకూ వేర్వేరు లిమిట్ స్విచ్చులు (అక్షం కొసకు చేరిందని చెప్పేవి) పెట్టి, హోమింగ్‌లోనే (యంత్రం తన మొదలు స్థానం వెతుక్కునేటప్పుడే) లంబం సరిచేసుకునే కంట్రోలర్లయితే ఈ నెట్టుడు అక్కరలేదు.

ఇక ట్రామింగ్, అంటే స్పిండిల్‌ను కదలిక తలానికి లంబంగా నిలబెట్టడం. కొలెట్‌లో అడ్డంగా ఒక చేతిని బిగించి, దాని కొసన డయల్ గేజ్ (సూక్ష్మమైన తేడాను ముల్లుతో చూపే పరికరం) పెట్టి, చేత్తో చుట్టూ తిప్పుతూ నాలుగు వైపులా రీడింగు చూస్తారు. చేయి ఎంత పొడుగుంటే తప్పు అంత స్పష్టంగా కనిపిస్తుంది. 200 మి.మీ. వెడల్పులో 0.2 మి.మీ. తేడా ఉంటే, వాలు వెయ్యికి ఒకటి. 25 మి.మీ. చదును చేసే బిట్ ఆ వాలుతో నడిస్తే వరుసకూ వరుసకూ మధ్య 0.025 మి.మీ. మెట్టు వదులుతుంది. కంటికి పెద్దగా కనిపించదు గానీ వేలికి తగులుతుంది. వరుసలు నడిచే దిశకు పక్కవాటుగా స్పిండిల్ వంగితే ఈ మెట్లు వస్తాయి. నడిచే దిశలోనే వంగితే మెట్లు రావు, ప్రతి వరుస మధ్యలో పలుచటి పల్లం పడుతుంది. మెట్లు ఎటు నుంచి ఎటు దిగుతున్నాయో చూస్తే మౌంటులో ఏ బోల్టు వదిలించాలో తెలిసిపోతుంది.

ఇక్కడే తరచుగా కాలు జారుతుంది. డయల్ గేజ్ స్పిండిల్ వాలును చెబుతోందా, బల్ల వాలును చెబుతోందా? బిగించిన పలక ఒక పక్కకు వాలి ఉంటే, దానికి లంబంగా స్పిండిల్‌ను సర్దడం అంటే ఆ తప్పును స్పిండిల్‌లోకి ఎక్కించడమే. లంబంగా ఉండాల్సింది యంత్రం ఎక్స్-వై కదలిక తలానికి. ఆ తలాన్ని చూపించగలిగింది ఆ యంత్రమే చెక్కిన ఉపరితలం ఒక్కటే. కాబట్టి ముందు స్పాయిల్‌బోర్డును పైపైన ఒకసారి చదును చేయాలి, మెట్లు పడినా పట్టించుకోనక్కరలేదు. ఆ మెట్ల మీద మందపాటి అద్దం ముక్క ఒకటి పరిచి, దాని మీద గేజ్ తిప్పి ట్రామ్ సర్దాలి. తర్వాత 0.3 మి.మీ. లోతుతో మరోసారి చదును చేస్తే ఆ పలక, స్పిండిల్, కదలిక తలం మూడూ ఒక మాట మీదకు వస్తాయి.

కదలిక లెక్కలు

వీ-చక్రాల మీద నడిచే యంత్రాల్లో చక్రాలను పట్టాకు దగ్గర చేసే ఎక్సెంట్రిక్ నట్లు ఉంటాయి. గ్యాంట్రీని కదలకుండా పట్టుకుని చక్రాన్ని వేళ్లతో తిప్పితే కష్టం మీద జారాలి. సులువుగా తిరిగితే వదులు ఎక్కువ, అసలు కదలకపోతే చక్రం త్వరగా అరిగిపోతుంది. లీనియర్ రైళ్లకు ఈ బాధ లేదు గానీ అవి సమాంతరంగా లేకపోతే ప్రయాణంలో ఒక కొసన బిగుసుకుంటాయి. మోటార్లను ఆపి చేత్తో గ్యాంట్రీని ఈ చివర నుంచి ఆ చివరకు తోసి చూస్తే ఎక్కడ బరువెక్కుతోందో తెలుస్తుంది. మోటారుకు కరెంటు అందించే డ్రైవర్ పాడవకుండా ఈ తోపుడు మెల్లగా సాగాలి, ఎందుకంటే తిరిగే మోటారు జనరేటరుగా పనిచేసి కరెంటును వెనక్కు పంపుతుంది.

ఇవన్నీ కుదిరాకే స్టెప్పుల లెక్కను ముట్టుకోవాలి. సాధారణ స్టెప్పర్ మోటారు ఒక చుట్టుకు 200 స్టెప్పులు వేస్తుంది. డ్రైవర్‌లో ఒక్కో స్టెప్పును 8 భాగాలు చేస్తే చుట్టుకు 1600. 2 మి.మీ. పళ్ల దూరం ఉన్న జీటీ2 బెల్టు, 20 పళ్ల పుల్లీ అయితే చుట్టుకు 40 మి.మీ. కదులుతుంది కాబట్టి మిల్లీమీటరుకు 40 స్టెప్పులు. చుట్టుకు 5 మి.మీ. కదిలే 1605 బాల్ స్క్రూ అయితే 320. స్క్రూ ఉన్న యంత్రాల్లో ఈ లెక్కించిన అంకెనే ఉంచడం మేలు. మామూలు స్క్రూ పిచ్‌లో ఉండే తప్పు, టేపు పెట్టి కొలిచే చేతి తప్పు కన్నా సాధారణంగా చిన్నది. బెల్టులు బిగువును బట్టి కొద్దిగా సాగుతాయి కాబట్టి వాటికి కొలిచి సరిచేయడంలో అర్థముంది. పాత అంకెను ఆదేశించిన దూరంతో గుణించి, నిజంగా కదిలిన దూరంతో భాగిస్తే కొత్త అంకె వస్తుంది. అయితే యంత్రం అనుమతించినంత పొడవు దూరం మీదే కొలవాలి. స్కేలు చదవడంలో అర మిల్లీమీటరు పొరపాటు 100 మి.మీ. మీద అర శాతం అవుతుంది, 500 మి.మీ. మీద 0.1 శాతమే. ఇంకో జాగ్రత్త: కొలిచేది కోసిన ముక్కను కాదు, కదలికను. స్పిండిల్‌కు మొనదేరిన సూది బిగించి రెండు గుర్తుల మధ్య దూరం చూస్తే బిట్ వ్యాసం, వంపు ఏవీ మధ్యలో దూరవు.

బ్యాక్‌లాష్ ఎంత ఉందో తెలుసుకోవడానికి డయల్ గేజ్‌ను అక్షానికి ఆనించి, ఒకే దిశలో కొంత నడిపి, వెనక్కు 0.1 మి.మీ. చొప్పున జరపాలి. ముల్లు కదలడం మొదలయ్యేదాకా ఎంత దూరం వృథా అయిందో అదే వదులు. అభిరుచి యంత్రాల్లో విస్తృతంగా వాడే జీఆర్‌బీఎల్ ఫర్మ్‌వేర్‌లో (కంట్రోలర్ లోపల నడిచే ప్రోగ్రాంలో) దీన్ని పూడ్చే సౌకర్యం లేదు. లినక్స్‌సీఎన్‌సీ, మాక్3 వంటి వాటిలో ఉంది. ఉన్నా చెక్క కోతలో దానికి పరిమితి ఉంది. సాఫ్ట్‌వేర్ దిశ మారినప్పుడు అదనంగా కదిలించగలదే గానీ, వదులుగా ఉన్న నట్టులో కోత ఒత్తిడికి బిట్ అటూ ఇటూ ఊగకుండా పట్టుకోలేదు. స్ప్రింగుతో బిగువుండే నట్టు వేయడమే నిజమైన వైద్యం.

మైక్రోస్టెప్పింగ్ (ఒక్కో స్టెప్పును చిన్న భాగాలు చేయడం) పెంచితే ఖచ్చితత్వం పెరుగుతుందన్న నమ్మకం ఒకటి గట్టిగా పాతుకుపోయింది. పెరిగేది కదలికలో మృదుత్వం. ఒక్కో చిన్న స్టెప్పుకు మోటారు ఇవ్వగల అదనపు బలం మాత్రం తగ్గిపోతుంది, కాబట్టి ఘర్షణ ఉన్న చోట చివరి చిన్న స్టెప్పులు కాగితం మీదే మిగులుతాయి. దీనికి వేగంలో కూడా మూల్యం ఉంది. 2009లో సిమెన్ స్వాలే స్కోగ్స్రూడ్ మొదలుపెట్టిన జీఆర్‌బీఎల్, ఆర్డుయినో ఉనో మీది 16 మెగాహెర్ట్జ్ 8 బిట్ చిప్‌లో ఇమిడిపోయేలా రాసిన ప్రోగ్రాం. సెకనుకు సుమారు 30,000 పల్సులు దాని గరిష్ఠం. మిల్లీమీటరుకు 320 స్టెప్పులయితే అది నిమిషానికి 5,600 మి.మీ. వేగానికి సరిపోతుంది. అదే స్క్రూకు మైక్రోస్టెప్పింగ్ 16 పెడితే 2,800కు పడిపోతుంది. అదే 16తో, చుట్టుకు 2 మి.మీ. మాత్రమే కదిలే స్క్రూ ఉంటే 1,125 దగ్గరే ఆగిపోతుంది. కొత్త 32 బిట్ బోర్డులకు ఈ అడ్డు లేదు.

వేగం కన్నా నిర్లక్ష్యానికి గురయ్యేది త్వరణం. జీఆర్‌బీఎల్‌లో $120 నుంచి $122 దాకా ఉన్న ఈ అంకెలు మొదట 10 దగ్గర ఉంటాయి. భద్రంగా మొదలుపెట్టడానికి పెట్టిన అంకె అది, పని చేయించుకోవడానికి కాదు. నిమిషానికి 3,000 మి.మీ. అంటే సెకనుకు 50 మి.మీ. త్వరణం 50 (మి.మీ./సె²) ఉంటే ఆ వేగం అందుకోవడానికి 25 మి.మీ. దూరం కావాలి, 500 ఉంటే 2.5 మి.మీ. చాలు. అక్షరాలు చెక్కేటప్పుడు ఒక్కో గీత 10 మి.మీ. కూడా ఉండదు. అంటే తక్కువ త్వరణం ఉన్న యంత్రం రాసిన వేగాన్ని ఎప్పుడూ అందుకోదు, బిట్ మాత్రం అదే జోరుగా తిరుగుతూ మూలల దగ్గర చెక్కను మాడుస్తుంది. త్వరణాన్ని మెట్లుమెట్లుగా పెంచుతూ, గాలిలోనే వేగంగా అటూ ఇటూ పరిగెత్తించి, సున్నాకు సరిగ్గా తిరిగివస్తోందో చూడాలి. మొదటిసారి తప్పిన అంకె దగ్గర ఆగి, దానికి మూడింట రెండు వంతులకు తగ్గిస్తే కోత బరువు పడినప్పుడు కూడా నిలుస్తుంది. స్టెప్పర్ మోటారు బలం వేగంతో పాటు తగ్గుతూ పోతుంది కాబట్టి ఖాళీగా పరిగెత్తిన వేగాన్ని కోతలో ఆశించకూడదు.

బిట్ కొసన జరిగేది

కొలెట్ చిన్న భాగమే, కానీ నాణ్యత అక్కడే తేలుతుంది. బిట్ తన అక్షం చుట్టూ కాక కాస్త పక్కకు తప్పుతూ తిరగడాన్ని రన్‌అవుట్ అంటారు. రెండు అంచుల బిట్ ఒక్కో అంచుతో 0.05 మి.మీ. మందాన పొట్టు తీయాలని లెక్కవేసి, రన్‌అవుట్ కూడా దాదాపు అంతే ఉంటే, కోతంతా ఒకే అంచు చేస్తుంది, రెండోది వెంట ఊరికే తిరుగుతుంది. రెండు అంచులకు డబ్బు పెట్టి ఒక అంచుతో పని చేయించడం అన్నమాట. బిట్ మార్చిన ప్రతిసారీ కొలెట్ లోపలి పొట్టునూ జిగురునూ తుడవడం, షాంకును కొలెట్ నిడివి మేరకు లోపలికి దించడం, అరిగిన కొలెట్‌ను దయచూపకుండా పారేయడం, వీటితోనే రన్‌అవుట్ సగం తగ్గుతుంది.

బిట్ ఎంత బయటకు పొడుచుకు వస్తే అంత వంగుతుందన్నది తెలిసిందే, ఎంత ఎక్కువగా వంగుతుందో మాత్రం చాలామంది ఊహకు అందదు. పొడవు రెట్టింపయితే వంపు ఎనిమిది రెట్లు. వ్యాసం 6 నుంచి 3 మి.మీ.కు తగ్గితే అదే ఒత్తిడికి వంపు పదహారు రెట్లు. 12 మి.మీ. చెక్కకు 40 మి.మీ. పొడవు బిట్ వాడటం వల్ల వచ్చే తరగలను ఏ ఫర్మ్‌వేర్ అంకె కూడా తుడవలేదు.

వేగాల విషయంలో కొత్తవారు భయంతో చేసే పని ఫీడ్ (బిట్ చెక్కలో ముందుకు సాగే వేగం) తగ్గించడం. దానివల్ల మేలు కన్నా కీడే ఎక్కువ. స్పిండిల్ చుట్లు, అంచుల సంఖ్య, ఒక్కో అంచు తీయాల్సిన మందం, ఈ మూడింటి గుణకారమే ఫీడ్. నిమిషానికి 18,000 చుట్లు, 2 అంచులు, 0.05 మి.మీ. అయితే 1,800 మి.మీ. అదే తిరుగుడుతో ఫీడ్ 600కు తగ్గిస్తే ఒక్కో అంచు 0.017 మి.మీ. మాత్రమే తీస్తుంది. ఆ మందంలో అంచు కోయదు, రాస్తుంది. వేడి పుడుతుంది, చెక్క నల్లబడుతుంది, బిట్ మొద్దుబారుతుంది. యంత్రం బలహీనమై 1,000 మించి కోయలేనిదైతే తగ్గించాల్సింది తిరుగుడును, లేదా ఒక్క అంచు ఉన్న బిట్ వాడాలి. నిమిషానికి 10,000 చుట్లకు దిగగల చిన్న ట్రిమ్ రౌటర్లకు సీఎన్‌సీ వాడకంలో ఆదరణ రావడానికి ఇదొక కారణం. 400 హెర్ట్జ్ దగ్గర 24,000 చుట్లు తిరిగే స్పిండిళ్లను మరీ కిందకు దించితే బలం తగ్గుతుంది, గాలితో చల్లబడే రకమైతే ఫ్యాన్ కూడా మందగించి వేడెక్కుతుంది. కోత సరిగా ఉందో లేదో చెప్పే గుర్తు బల్ల మీదే ఉంటుంది: సహజమైన చెక్క నుంచి పొట్టు రాలాలి, పిండి కాదు. ఎండీఎఫ్ నుంచి ఎలాగూ పిండే వస్తుంది కాబట్టి దాన్ని చూసి ఏమీ తేల్చలేం.

కోత దిశ గురించి రెండు మాటలు. బయటి అంచును గడియారం ముల్లు దిశలో చుట్టివస్తే క్లైంబ్ కోత, దానికి ఎదురుగా వెళ్తే కన్వెన్షనల్. క్లైంబ్‌లో బిట్ ముక్క నుంచి అవతలికి వంగుతుంది, కాబట్టి ముక్క కాస్త పెద్దదిగా మిగులుతుంది. వదులున్న యంత్రాన్ని అది ముందుకు లాగేస్తుంది కూడా. కన్వెన్షనల్‌లో బిట్ ముక్కలోకి తినేస్తుంది, పీచు ఎదురుగా ఉన్న చోట అంచు లేచిపోతుంది. రెండింటి బాధా తగ్గించే దారి ఒకటే: మొదటి కోతల్లో 0.3 నుంచి 0.5 మి.మీ. మిగిల్చి, చివర్లో ఒక్కసారి పూర్తి లోతుతో పలుచగా గీకడం. చివరి కోతలో ఒత్తిడి తక్కువ కాబట్టి వంపు కూడా తక్కువ. కొలతలు కుదరలేదని బాధపడే సందర్భాల్లో ఈ ఒక్క మార్పు సెట్టింగుల మార్పులన్నిటి కన్నా ఎక్కువ పని చేస్తుంది.

బిట్ ఆకారం సంగతి క్లుప్తంగా. అప్‌కట్ పొట్టును పైకి లాగి గాడిని శుభ్రంగా ఉంచుతుంది, పై అంచును మాత్రం చింపుతుంది, పలుచటి పలకను ఎత్తేస్తుంది. డౌన్‌కట్ పై అంచును చక్కగా వదులుతుంది, లోతైన గాడిలో పొట్టును కుక్కి వేడెక్కిస్తుంది. కంప్రెషన్ బిట్ ప్లైవుడ్‌కు రెండు వైపులా శుభ్రమైన అంచు ఇస్తుంది, అయితే మొదటి కోతే దాని కొసన ఉన్న అప్‌కట్ భాగం కన్నా లోతుగా వెళ్లాలి. లేకపోతే పైపొర చిరుగుతుంది.

జెడ్ సున్నా

పక్క కొలతల్లో 0.2 మి.మీ. తేడాను చాలా పనులు సహిస్తాయి, లోతులో (కింద మీద కదిలే జెడ్ అక్షంలో) అంతే తేడాను వీ-చెక్కడం సహించదు. 90 డిగ్రీల వీ-బిట్ గీసే గీత వెడల్పు లోతుకు రెట్టింపు. లోతు 0.2 తప్పితే గీత 0.4 లావెక్కుతుంది, సన్నని అక్షరాల్లో అది దూరం నుంచే తెలిసిపోతుంది. 60 డిగ్రీల బిట్‌కు ఈ నిష్పత్తి 1.15 మాత్రమే, అందుకే సమతలం తక్కువగా ఉన్న పలక మీద అది కాస్త కరుణ చూపిస్తుంది. టచ్ ప్లేటు (బిట్‌ను తాకించి జెడ్ సున్నా పట్టే లోహపు బిళ్ల) వాడేవారు దాని మందాన్ని అచ్చులో ఉన్నట్టు నమ్మకుండా కాలిపర్‌తో కొలిచి రాసుకోవాలి. సున్నా ఎక్కడ పెట్టాలన్నది పనిని బట్టి ఉంటుంది. పైన చెక్కే పనికి పలక పైభాగం, ఆరపార కోతకు స్పాయిల్‌బోర్డు. రెండోదానిలో పలక మందం అచ్చు కొలతకు తేడాగా ఉన్నా కోత అడుగు దాకా వెళ్తుంది, బల్లను అనవసరంగా తినదు.

పలక, ధూళి, తీగలు

యంత్రం మీద వేసే నిందల్లో కొన్ని నిజానికి పలకవి. సరిగా బిగించని పలక కోతలో అర మిల్లీమీటరు జరిగితే ఆ ముద్ర అచ్చం స్టెప్పులు తప్పినట్టే ఉంటుంది. అందుకే సున్నాకు తిరిగిరావడం చూశాకే మోటార్లను అనుమానించాలి. రెండు వైపులా అంటుకునే టేపు చిన్న పలకలకు ఆశ్చర్యపోయేంత గట్టిగా పట్టుకుంటుంది, ధూళి లేని ఉపరితలం మీద మాత్రమే. ముక్క విడిపోయే చివరి కోతలో ట్యాబులు (ముక్కను పలకకు పట్టి ఉంచే కోయని చిన్న భాగాలు) ఉంచకపోతే అది బిట్‌కు తగిలి ఎగిరిపడుతుంది. చెక్క కూడా స్థిరంగా ఉండదు. తేమను బట్టి పీచుకు అడ్డంగా ఉబ్బి కుదించుకుంటుంది, పీచు వెంట దాదాపు కదలదు. లోపల ఒత్తిడి ఉన్న పలకలో పెద్ద గుంత తవ్వితే అది బల్ల మీదే వంగుతుంది. ఎండీఎఫ్ స్పాయిల్‌బోర్డు సైతం తేమకు ఉబ్బుతుంది, అందుకే కొంతకాలానికి మళ్లీ చదును చేయవలసి వస్తుంది.

ధూళి పీల్చే గొట్టం సౌకర్యం కోసం కాదు. అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ చెక్క ధూళిని మనుషుల్లో క్యాన్సర్ కలిగించే పదార్థాల మొదటి వర్గంలో చేర్చింది. ముఖానికి తగిన మాస్కు, చెవులకు రక్షణ, కళ్లద్దాలు తప్పనిసరి. మొద్దుబారిన బిట్ పుట్టించిన నిప్పురవ్వ ధూళి సంచిలోకి చేరితే పని అయిపోయిన చాలాసేపటికి కూడా రాజుకోవచ్చు, కాబట్టి యంత్రం నడుస్తుండగా దగ్గర మనిషి ఉండాలి, ఎమర్జెన్సీ స్టాప్ బటన్ చేతికి అందాలి. గొట్టంలో పుట్టే స్థిర విద్యుత్తు, స్పిండిల్ తీగల నుంచి వచ్చే విద్యుత్ రొద కలిసి లిమిట్ స్విచ్చులకు అబద్ధపు సంకేతాలు ఇస్తాయి. కారణం లేకుండా యంత్రం ఆగిపోతుంటే ముందు చూడాల్సింది ఇదే. షీల్డు ఉన్న తీగలు వాడి, షీల్డును ఒక కొసనే గ్రౌండ్ చేసి, మోటారు తీగలకు దూరంగా నడిపితే చాలావరకు సద్దుమణుగుతుంది. స్విచ్చులు మామూలు స్థితిలో మూసి ఉండే రకానివైతే రొదను తట్టుకోవడమే కాదు, తీగ తెగిన సంగతి కూడా వెంటనే తెలుస్తుంది.

ఇన్ని సర్దుబాట్లలో ఏది ముట్టుకుంటే ఏది మళ్లీ చూడాలన్నది గుర్తుంటే ప్రతిసారీ మొదటి నుంచి మొదలుపెట్టే బాధ తప్పుతుంది. బెల్టు బిగువు మారితే ఆ అక్షం స్టెప్పులు మాత్రమే మళ్లీ కొలవాలి. స్పిండిల్‌ను మౌంటు నుంచి తీసి పెడితే ట్రామ్ చూడాలి, ట్రామ్ మారితే స్పాయిల్‌బోర్డు మీద ఒక పలుచటి కోత నడపాలి. బిట్ మారిస్తే జెడ్ సున్నా, పదును పెడితే వ్యాసం. గ్యాంట్రీ బోల్టులు వదిలించి బిగిస్తే మాత్రం కర్ణాల పరీక్ష నుంచి వరుసంతా మళ్లీ చేయవలసిందే.